తిరుపతి, చిత్తూరు నుంచి బయలుదేరితే దేశంలో ఎక్కడికి ఎంతవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవులు దగ్గరపడే కొద్దీ ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. "నార్త్ అంతా చవక అంట కదా", "కాశ్మీరుకు మనిషికి ఇంత చాలంట" అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని బయలుదేరి, దిగినచోట జేబు ఖాళీ చేసుకునేవాళ్లే ఎక్కువ. అందుకే ఇక్కడ రాసి పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునేటప్పుడు

ఏ వైపు వెళ్తే ఖర్చు తక్కువ? సౌతా, నార్తా?

దిక్కును బట్టి లెక్క తేలదు. రైలు దిగిన స్టేషన్‌కూ మీరు చూడాలనుకున్న చోటుకూ మధ్య ఎంత రోడ్డు ఉందన్నదే అసలు లెక్క. రైలు కిలోమీటరు ధర దేశమంతా ఒకటే. దిగాక ఎక్కే బండి ధరే ఊరికొక తీరుగా ఉంటుంది.

కాశీ మనకు చాలా దూరమే, కానీ స్టేషన్ దిగితే ఘాట్లు ఆటో దూరం. ఊళ్లోకి వెళ్లాక నడకే. మున్నార్ దగ్గరే అనిపిస్తుంది, కానీ అక్కడికి రైలు లేదు. ఆలువలో దిగి నూరు కిలోమీటర్లకు పైగా ఘాట్ రోడ్డు ఎక్కాలి, పైన ఏ పాయింటు చూడాలన్నా బండి కావాలి. నలుగురు మూడు రోజులు తిరిగితే, రైలు చార్జీలు కలుపుకున్నా కాశీ కంటే మున్నారే ఎక్కువయ్యే సందర్భాలు చాలా ఉంటాయి.

రామేశ్వరం ఇంకా తేలిక. పాత పంబన్ వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశాక మండపం స్టేషన్‌లో దిగి బస్సో ఆటోనో ఎక్కాల్సి వచ్చేది. 2025 ఏప్రిల్ 6న కొత్త వంతెన ప్రారంభమయ్యాక రైలు మళ్లీ ఊళ్లోకే వెళ్తోంది.

ఈశాన్య రాష్ట్రాల ప్యాకేజీ రేట్లు అంత ఎక్కువ ఎందుకు చెప్తారు?

అందులో పెద్ద వాటా బండి బాడుగది. గువాహటి దాకా, న్యూ జల్పాయిగురి దాకా రైలు ఉంది. అక్కడినుంచి అంతా కొండదారే. న్యూ జల్పాయిగురి నుంచి గాంగ్‌టక్ 120 కిలోమీటర్లే, కానీ నాలుగైదు గంటలు పడుతుంది. ఒకే బండి, ఒకే డ్రైవరు వారం పాటు మీతోనే ఉండాలి. ఇద్దరు వెళ్లినా ఆరుగురు వెళ్లినా ఆ బాడుగ మారదు. కాబట్టి ఇద్దరికి చెప్పిన ప్యాకేజీ ధరను ఆరుగురు వెళ్లినవాళ్ల ధరతో పోల్చకండి.

తగ్గించుకోవాలంటే ఊరి నుంచి ఊరికి షేర్ సుమోల్లో వెళ్లి, చుట్టుపక్కల చూడటానికి మాత్రమే బండి మాట్లాడుకోండి. షేర్ బండ్లు పొద్దున్నే బయలుదేరతాయి, మధ్యాహ్నం దాటితే దొరకడం కష్టం. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్ వెళ్లాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటివాళ్లు ఆ రాష్ట్రంలోకి వెళ్లడానికి తీసుకునే అనుమతి) కావాలి. అస్సాం, మేఘాలయ, త్రిపురలకు అక్కర్లేదు. మిజోరంలో 2025 సెప్టెంబరు 13న ఐజ్వాల్ పక్కన సైరాంగ్ దాకా రైలు మార్గం ప్రారంభమైంది, కాబట్టి అంతకు ముందు వేసిన లెక్కలు ఇప్పుడు పనికిరావు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండచరియలు విరిగి దారి మూసుకుపోతుంటుంది. ఒక రోజు ఇరుక్కుంటే ఆ రోజు బాడుగ, డ్రైవర్ బత్తా, రూము అద్దె మీవే. ఆ నెలల్లో వెళ్తే ఒక రోజు ఖర్చు విడిగా పక్కన పెట్టుకోండి.

కాశ్మీరుకు రైల్లోనే వెళ్లిపోవచ్చా? ఖర్చు తగ్గిందా?

దారి ఖర్చు తగ్గింది. 2025 జూన్ 6న కట్రా, శ్రీనగర్ మధ్య వందేభారత్ ప్రారంభించారు. అంతకు ముందు జమ్మూలోనో కట్రాలోనో దిగి, లోయలోకి ఒక పగలంతా రోడ్డు మీదే గడపాల్సి వచ్చేది. తిరుపతి నుంచి ఆంధ్రప్రదేశ్ సంపర్క్ క్రాంతిలో హజ్రత్ నిజాముద్దీన్ చేరి, ఢిల్లీలో రైలు మారితే మొత్తం పట్టాల మీదే అయిపోతుంది.

అక్కడ తిరిగే ఖర్చు మాత్రం తగ్గలేదు.

పిల్లల సెలవుల్లోనే వెళ్లాలి. ఎక్కడ రేట్లు తక్కువుంటాయి?

మనకు సెలవులు ఇచ్చే ఏప్రిల్ చివర, మే నెలల్లోనే ఊటీ, కొడైకెనాల్, కాశ్మీర్, హిమాచల్‌లో సీజన్. రూము అద్దెలు రెండింతలు దాటడం అక్కడ మామూలే. ఊటీ, కొడైకెనాల్‌కు సొంత బండిలో వెళ్తే 2024 మే నుంచి ఈ-పాస్ తీసుకోవాలి. దానికి డబ్బు కట్టనక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనే ఇస్తారు. అది తీసుకోకుండా వెళ్తే చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతారు.

అదే నెలల్లో రాజస్థాన్, గోవా రూములు చవకగా దొరుకుతాయి, ఎందుకంటే ఎండ. పిల్లలతో మేలో జైసల్మేర్ చవకే కానీ తెలివైన పని కాదు. గోవా పర్వాలేదు. దసరా సెలవుల్లో కోల్‌కతా, మైసూరు తప్ప మిగతా చోట్ల బేరానికి వీలుంటుంది. కేరళలో వానాకాలం రేట్లు డిసెంబరు రేట్ల కంటే బాగా తక్కువ.

## టికెట్లు తీసుకునేటప్పుడు

రైలు చార్జీ రాష్ట్రాన్ని బట్టి మారుతుందా?

మారదు. దూరం, తరగతి, రైలు రకం, ఈ మూడే చూస్తారు. దూరం పెరిగే కొద్దీ కిలోమీటరుకు పడే ధర తగ్గుతుంది. అందుకే ఒకే టికెట్ మీద 2,000 కిలోమీటర్లు వెళ్తే, వెయ్యేసి కిలోమీటర్ల రెండు టికెట్లకంటే తక్కువ అవుతుంది.

దాని మీద రిజర్వేషన్ చార్జీ స్లీపర్‌కు 20, త్రీ ఏసీకి 40, టూ ఏసీకి 50 రూపాయలు. సూపర్‌ఫాస్ట్ అయితే స్లీపర్‌కు మరో 30, త్రీ ఏసీ, టూ ఏసీలకు 45. ఏసీ తరగతులకు 5 శాతం జీఎస్టీ ఉంటుంది. రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్లలో 2016 సెప్టెంబరు నుంచి బెర్తులు నిండే కొద్దీ ధర పెరుగుతుంది. ప్రతి 10 శాతం బెర్తులకు 10 శాతం చొప్పున, గరిష్ఠంగా 1.4 రెట్లు. ఆ రైళ్లలో ఆలస్యంగా బుక్ చేసేవాళ్లు పక్క బెర్తు మనిషికంటే ఎక్కువ కడుతుంటారు.

తిరుపతి నుంచి చెన్నైకి త్రీ ఏసీ అంత ఎక్కువ ఎందుకు చూపిస్తుంది?

కనీస దూరం నిబంధన వల్ల. స్లీపర్‌కు కనీసం 200, త్రీ ఏసీ, టూ ఏసీలకు కనీసం 300 కిలోమీటర్ల చార్జీ వసూలు చేస్తారు. తిరుపతి, చెన్నై మధ్య దూరం అందులో సగమే. మీరు వెళ్లని దూరానికి కూడా కడుతున్నారన్నమాట. ఇలాంటి దగ్గర ఊళ్లకు సెకండ్ సిట్టింగో, బస్సో చూసుకోండి.

చెన్నైలో రైలు మారాలి. రెండు టికెట్లు విడిగా తీసుకుంటే ఏమవుతుంది?

రెండుసార్లు రిజర్వేషన్ చార్జీ, రెండుసార్లు కనీస దూరం లెక్క పడతాయి. అంతకంటే పెద్ద చిక్కు, మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోవడం. 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు పీఎన్‌ఆర్‌లను జోడించుకునే వీలుంది. అలా జోడిస్తే మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది తప్పినప్పుడు ఆ టికెట్ డబ్బు కోత లేకుండా వెనక్కి వస్తుంది. రెండు టికెట్లలోనూ పేరు, వయసు ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో ఇంటిపేరు రాసి, ఇంకోదాంట్లో వదిలేస్తే జోడింపు కుదరదు.

చెన్నైలో సెంట్రల్ నుంచి ఎగ్మోర్‌కు మారాల్సి ఉంటే కనీసం మూడు గంటలు వదలండి.

రేణిగుంటలో ఎక్కే రైలుకు వెయిటింగ్ లిస్ట్ 20 అని ఉంది. కన్‌ఫర్మ్ అవుతుందా?

అంకె కంటే ముందు దాని పక్కనున్న అక్షరాలు చూడండి. జీఎన్‌డబ్ల్యూఎల్ అంటే రైలు మొదలయ్యే చోటి కోటా. బెర్తులు ఎక్కువ, రద్దయ్యేవీ ఎక్కువ, కాబట్టి తొందరగా కదులుతుంది. ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్, పీక్యూడబ్ల్యూఎల్ మధ్య స్టేషన్ల చిన్న కోటాలు. అక్కడ 20 కూడా చాలా దూరమే.

రేణిగుంట మీదుగా పోయే ముంబై వైపు రైలైతే, అది చెన్నైలో మొదలయ్యేదైనప్పుడు, చెన్నై నుంచే టికెట్ తీసి బోర్డింగ్ స్టేషన్ రేణిగుంటగా పెట్టుకోవచ్చు. చార్జీ కొంచెం ఎక్కువైనా బెర్తు దొరికే అవకాశం పెరుగుతుంది. బోర్డింగ్ మార్చడం మరిచిపోతే మీ బెర్తు దారిలోనే వేరేవాళ్లకు పోతుంది, జాగ్రత్త.

పెద్దవాళ్లకు, పిల్లలకు రాయితీ ఉందా?

సీనియర్ సిటిజన్ల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు కింది బెర్తు కోటా మాత్రం ఉంది. అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. 5 నుంచి 12 ఏళ్ల పిల్లలకు బెర్తు వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ.

రేణిగుంట నుంచి విమానం ఎక్కాలా, చెన్నైకో బెంగళూరుకో వెళ్లి ఎక్కాలా?

ఒక్కరైతే చాలాసార్లు రేణిగుంటే నయం. నలుగురైతే కాగితం మీద లెక్క వేయండి. మనిషికి 1,500 తేడా అంటే నలుగురికి 6,000. అందులోంచి చెన్నై విమానాశ్రయానికి కారు బాడుగ తీసేయండి. తెల్లవారుజామున విమానమైతే ముందురాత్రి రూము, మరీ రాత్రివేళ దిగితే ఇంటికి రావడానికి నైట్ చార్జీ కూడా తీసేయండి. మిగిలేది 2,000 లోపు అయితే అంత తిప్పట దండగ.

ధరలు ఊరికొక తీరుగా ఉండటానికి కారణాలు మూడు. విమాన ఇంధనం మీద రాష్ట్రాల వ్యాట్ ఒకేలా ఉండదు. ప్రయాణికుల నుంచి వసూలు చేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు ఒక్కో విమానాశ్రయంలో ఒక్కోలా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం పోటీ: చెన్నై నుంచి ఢిల్లీకి రోజూ ఎన్నో విమానాలు పోతాయి, రేణిగుంట నుంచి దూరప్రాంతాలకు నేరుగా పోయేవి తక్కువ.

## రోడ్డు మీద

మన దగ్గర పెట్రోలు ఎందుకు ఎక్కువ? సరిహద్దు దాటి కొట్టించుకుంటే మిగులుతుందా?

పెట్రోలు, డీజిలు జీఎస్టీలో లేవు. ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపై లీటరుకు 4 రూపాయలు, మరో రూపాయి రోడ్డు సెస్సు. తమిళనాడులో 13 శాతం, దానిపై లీటరుకు 11 రూపాయల 52 పైసలు. కర్ణాటకలో 2024 జూన్ నుంచి 29.84 శాతం. ఈ తేడా వల్లే తమిళనాడు బంకులో లీటరుకు ఏడెనిమిది రూపాయలు, కర్ణాటక బంకులో ఆరేడు రూపాయలు తక్కువ పడుతూ వచ్చింది.

దారిలో ఉంటే తప్పకుండా లాభమే. బెంగళూరు వెళ్లేవాళ్లు ములబాగిలు వైపు నంగిలి దాటాక, వేలూరు వెళ్లేవాళ్లు కాట్పాడి దగ్గర కొట్టించుకోండి. తిరిగి వచ్చేటప్పుడు సరిహద్దుకు ముందే ట్యాంకు నింపుకుని రండి. పెట్రోలు కోసమే వెళ్లడం మాత్రం నష్టం. సరిహద్దు 30 కిలోమీటర్లుంటే రానూపోనూ 60. లీటరుకు 15 ఇచ్చే కారు 4 లీటర్లు తాగుతుంది, అంటే దాదాపు 440 రూపాయలు. 35 లీటర్ల ట్యాంకు మీద లీటరుకు 8 చొప్పున మిగిలేది 280.

టోల్ పాస్ 3,000 అంటున్నారు. దేశమంతా పనిచేస్తుందా?

జాతీయ రహదారుల మీద, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల మీద పనిచేస్తుంది. రాష్ట్రాల చేతిలో ఉన్న దారుల్లో చెల్లదు. ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే, యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఆ కోవలోవే. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది అన్న లెక్కన మొదలుపెట్టారు. సొంత కారు, జీపు, వ్యాన్‌లకే ఇస్తారు, బాడుగకు తిరిగే పసుపు ప్లేటు బండికి ఇవ్వరు.

పాస్ లేనివాళ్లు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. జాతీయ రహదారి టోల్‌గేటు దగ్గర 24 గంటల్లోపు తిరిగి వస్తే రెండువైపులా కలిపి ఒకటిన్నర రెట్లే పడాలి. ఫాస్టాగ్‌లో డబ్బులు లేకుండా వెళ్తే నగదుకు రెండింతలు. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లు.

అరుణాచలానికి (తిరువణ్ణామలైకి) కారు బాడుగ మాట్లాడితే చెప్పినదానికంటే ఎక్కువ అడిగారు. ఎందుకు?

"కిలోమీటరుకు ఇంత" అన్న మాట వెనక రోజుకు కనీస కిలోమీటర్లు అనే షరతు ఉంటుంది. అది సాధారణంగా 250 లేదా 300. తిరుపతి నుంచి తిరువణ్ణామలై రానూపోనూ 400 కిలోమీటర్ల దగ్గర. ఒకే రోజులో వచ్చేస్తే 400కే కడతారు. గిరిప్రదక్షిణ చేసి, రాత్రి పడుకుని మరుసటి రోజు వస్తే రెండు రోజులు, రోజుకు 300 చొప్పున 600 కిలోమీటర్ల లెక్క. తిరగని 200 కిలోమీటర్లకూ కట్టాలి. డ్రైవర్ బత్తా కూడా రెండు రోజులది. ఉండేట్టయితే దారిలో కాంచీపురమో, వేలూరు స్వర్ణ దేవాలయమో కలుపుకోండి, ఎలాగూ కట్టేదానికి పని జరుగుతుంది.

మాట్లాడేటప్పుడే ఇవి అడగండి: కిలోమీటర్లు మీ ఇంటి నుంచా, వాళ్ల షెడ్డు నుంచా? రాత్రి ఎన్ని గంటలు దాటితే నైట్ చార్జీ? టోలు, పార్కింగ్, పక్క రాష్ట్రం పన్ను ఎవరివి? బండికి ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉంటే రాష్ట్రానికొక పన్ను విడిగా ఉండదు. లేకపోతే తాత్కాలిక పర్మిట్ తీయాలి, ఆ డబ్బు చివర్లో మీ బిల్లులోకే వస్తుంది. తెల్ల ప్లేటు (సొంత వాడకానికి ఉన్న) కారు చవకగా వస్తుందని ఎక్కకండి. ప్రమాదం జరిగితే బాడుగ బండి అన్న కారణంతో బీమా డబ్బు ఆగిపోతుంది.

ఆడవాళ్లకు బస్సు ఉచితం అన్ని రాష్ట్రాల్లో ఒకటేనా?

కాదు. మన దగ్గర స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, రాష్ట్రం లోపలే చెల్లుతుంది. తిరుపతి నుంచి బెంగళూరుకో చెన్నైకో పోయే అంతర్రాష్ట్ర బస్సులో చెల్లదు, తిరుమల సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లోనూ చెల్లదు.

కర్ణాటక శక్తి పథకం 2023 జూన్ 11 నుంచి ఉంది, కానీ ఆ రాష్ట్రంలో ఉండే మహిళలకే. తెలంగాణ మహాలక్ష్మి కూడా అక్కడివాళ్లకే. మన ఆధార్ చూపిస్తే టికెట్ కొట్టేస్తారు. తమిళనాడులో 2021 నుంచి ఆర్డినరీ టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు, ఏ ఊరివాళ్లని అడగరు. వేలూరు ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు ఇది పనికొస్తుంది.

## దిగాక

ఏ ఊళ్లో ఆటో మీటరు మీద వస్తుంది?

ముంబైలో వస్తుంది. 2025 ఫిబ్రవరి నుంచి మొదటి ఒకటిన్నర కిలోమీటర్లకు 26 రూపాయలు. బెంగళూరులో 2025 ఆగస్టు నుంచి మొదటి రెండు కిలోమీటర్లకు 36 అని నిర్ణయించారు, కానీ మీటరు వేయించడం మీ ఓపిక మీద ఆధారపడి ఉంటుంది. చెన్నైలో 2013 నాటి 25 రూపాయల కనీస చార్జీని ఎవరూ లెక్కచేయరు. కోల్‌కతాలో ఆటోలు ఒక దారిలో షేరింగ్ మీద తిరుగుతాయి, మన తిరుపతి షేర్ ఆటోల్లాగే.

మెట్రో ఉన్నచోట మెట్రోనే ఎక్కండి, కానీ అన్ని ఊళ్లలో చవక అనుకోకండి. 2025లో పెంచాక బెంగళూరు గరిష్ఠ చార్జీ 90, హైదరాబాద్‌లో 69, ఢిల్లీలో 64. చెన్నైలో 50 దాటదు.

శ్రీనగర్ నుంచి కారు మాట్లాడుకున్నాక పహల్గాంలో మళ్లీ ఇంకో బండి ఎక్కమంటున్నారు. మోసమా?

మోసం కాదు, అక్కడి పద్ధతి. పహల్గాం దాకా మీ బండి వస్తుంది. అక్కడినుంచి ఆరు లోయ, బేతాబ్ లోయ, చందన్‌వాడి చూడాలంటే స్థానిక ట్యాక్సీ యూనియన్ బండే ఎక్కాలి. రేటు బోర్డు మీద రాసి ఉంటుంది, బండి మొత్తానికి కడతారు. లడఖ్‌లోనూ బయటి ట్యాక్సీలను, మనాలిలో అద్దెకు తీసుకున్న బైకులను స్థానికంగా తిరగనివ్వరు. గోవాలో ఓలా, ఉబర్ లేవు. స్కూటరు అద్దెకు తీసుకోవడమే అక్కడ చవక, అయితే ప్లేటు నలుపు మీద పసుపు అక్షరాలతో ఉందో లేదో చూసుకోండి.

ప్యాకేజీ కొనేటప్పుడు "లోకల్ యూనియన్ బండి ఇందులో ఉందా?" అని రాతపూర్వకంగా అడిగితే ఈ గొడవ ఉండదు.

లాడ్జి బిల్లు మాట్లాడినదానికంటే ఎందుకు పెరుగుతుంది?

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న రూముకు 5 శాతం జీఎస్టీ, దాటితే 18 శాతం. ఇది దేశమంతా ఒకటే. తేడా వచ్చేది చెక్‌అవుట్ దగ్గర. తిరుపతి లాడ్జీల్లో చాలావాటికి 24 గంటల లెక్క. బయట చాలాచోట్ల మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాలి. తెల్లవారి 5కు రైలు దిగి రూము తీసుకుంటే మధ్యాహ్నానికే ఒక రోజు అద్దె అయిపోతుంది. అలా దిగేవాళ్లు స్టేషన్‌లోనే రిటైరింగ్ రూము 12 గంటల పాటు తీసుకుని, స్నానాలు చేసుకుని, మధ్యాహ్నం లాడ్జిలో దిగండి. కన్‌ఫర్మ్ టికెట్ పీఎన్‌ఆర్‌తో ఆన్‌లైన్‌లో బుక్ అవుతుంది.

యాత్రలకు వెళ్లేవాళ్లకు చవక బస ఎక్కడ?

కాశీలో మానససరోవర్ ఘాట్ దగ్గర శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం, రిషికేశ్‌లో టీటీడీ వారి ఆంధ్ర ఆశ్రమం తెలుగువాళ్లకు బాగా తెలిసినవే. అమృత్‌సర్ స్వర్ణ మందిరంలో యాత్రికులకు గదులు, రాత్రీపగలూ లంగర్ (ఉచిత భోజనం) ఉంటాయి. కర్ణాటక వైపు ధర్మస్థల, కుక్కె, శృంగేరి, హొరనాడు వరుసగా చూసేవాళ్లకు భోజనం ఖర్చు దాదాపు ఉండదు. అన్నిచోట్లా అన్నదానం ఉంది.

జమ్మూ కాశ్మీర్‌లో మన ఫోన్ పనిచేస్తుందా?

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్, లడఖ్‌లలో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. ఇంట్లో ఒకరి నంబరైనా ముందే పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోండి, లేకపోతే యూపీఐ కూడా ఆగిపోతుంది.

## తిరిగి వచ్చేటప్పుడు

వెళ్లడానికి టికెట్ దొరికింది, తిరుపతికి రావడానికి దొరకడం లేదు. ఏం చేయాలి?

మన ఊరివాళ్లకు ఉన్న ప్రత్యేక ఇబ్బంది ఇది. మనం ఇంటికి వచ్చే రైల్లోనే దేశమంతా దర్శనానికి వస్తుంది. అందుకే ముందు తిరుగు టికెట్ చూసి, దాన్ని బట్టి వెళ్లే తేదీ పెట్టుకోండి. 2024 నవంబరు 1 నుంచి బుకింగ్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఆ రోజులు రైలు మొదలయ్యే స్టేషన్ తేదీ నుంచి లెక్క. మీరు ఎక్కే ఊరికి రైలు రెండోరోజు వచ్చేదైతే, మీ తేదీకి 61 రోజుల ముందే బుకింగ్ తెరుచుకుంటుంది.

తిరుపతి అని వెతికి ఆగిపోకండి. ఢిల్లీ, కోల్‌కతా వైపు నుంచైతే గూడూరు, ముంబై వైపు నుంచైతే రేణిగుంట, కేరళ వైపు నుంచైతే కాట్పాడి పెట్టి చూడండి. చిత్తూరువాళ్లకు కాట్పాడి ఎలాగూ దగ్గరే, బస్సులో గంట ప్రయాణం. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే ఏసీకి ముందురోజు ఉదయం 10, స్లీపర్‌కు 11 గంటలకు తెరుస్తారు. 2025 జులై 1 నుంచి ఆధార్ ధ్రువీకరించిన ఖాతాలకే ఆన్‌లైన్ తత్కాల్ ఇస్తున్నారు. ఆ పని ఇంట్లో ఉన్నప్పుడే ముగించుకోండి, ఓటీపీ వచ్చే ఫోన్ ప్రయాణంలో మీతోనే ఉండాలి.